కాంటకు ముద్ర

రాత్రి పదకొండున్నర. మిర్యాలగూడ బైపాసు మీద
వడ్ల లారీలు వరుసగట్టినయి.
ఒకటి దిగి ఇంకోటి ప్లేటెక్కే సందుల
ఫోన్ల నా పైసలు నేను తూకమేసుకుంటున్న.

తెర మీద ఒక గుండ్రం. మూడు రంగులు.
షేర్ల ఫండు అరవై ఎనిమిది పాళ్లు,
బాండ్లు ఇరవై నాలుగు,
బంగారం ఎనిమిది.
ఆరేండ్ల కింద నేనే రాసిచ్చిన లెక్క పక్కనే ఉంది:
యాభై, నలభై, పది.
ఎవరూ చెయ్యిపెట్టలే.
నెలకింత ఏస్తపోయిన, అంతే.
పెరిగేది పెరిగింది, పెరగంది కూసుంది.
లోడు ఒక దిక్కు జరిగిన లారీ లెక్క
ఒరిగి నడుస్తున్ననని
నాకు తెల్వనే తెల్వదు.

అది ముందుగాల ఒక ప్రశ్న అడిగింది:
నష్టం ఎంతదాక ఓర్చుకుంటరు, ఒకటి నుంచి పది.
చిట్టీల వీరేశం ఇరవై రెండో నెలల
ఇంటికి తాళమేసి పోయిన పొద్దు
నేను డ్యూటీకొచ్చిన, పద్నాలుగు బండ్లు తూచిన,
ఒక్క కిలో తప్పలే.
అది ఎంత? ఆరా? తొమ్మిదా?
నాలుగు కాడ ఆపిన వేలు.

సవరించు అన్నకాడ నొక్కిన.
అమ్ము: లక్షా పదిహేను వేల రెండొందలు.
కొను: బాండ్లు లక్షా రెండు వేల నాలుగొందలు,
మిగిలిన పన్నెండు వేల ఎనిమిదొందలు బంగారం.
కాంట మీద ఇరవై ఏండ్లు గూసున్నోన్ని,
కూడి చూసిన. సరిపోయింది.
మళ్ల కూడి చూసిన.

జయమ్మకు ఫోన్ జేసిన. బడి యూనిఫారాలు కుడుతుంది,
మిషన్ ఆపి ఇన్నది.
"పాలిచ్చే బర్రెను అమ్మి
ఒట్టిపోయినదాన్ని కొంటవా?"
జవాబు నాకాడ లేదు. సైటు కాడ గూడ లేదు,
అది లెక్క చెప్తది గాని మొకం జూడదు.
నాటేసిన పదోనాడు మడిలకు దిగి
ఒత్తుగున్నకాడ పీకి పలచగున్నకాడ గుచ్చుతం గదా,
పీకేది మంచి మొక్కనే గదా అన్న.
"మొక్కంటే మొక్క.
పైసలకు ఏర్లుంటయా?"
మిషన్ మళ్ల షురువైంది.

ఆ గుండ్రంల లేనియి కొన్ని ఉన్నయి.
జయమ్మ మెడల గుండ్లు లేవు.
మా బామ్మర్ది సైదులు బోరేస్తనంటే ఇచ్చిన నలభై వేలు,
అది షేరా, బాండా, ఏ రంగేస్తవు దానికి?
నీళ్లు పడలే.
అడగకుండ ఊకున్న నా మొహమాటం
ఎన్ని పాళ్లో.

ఏడాదికోసారి తూనికల ఆఫీసోళ్లొస్తరు.
ఇనుప రాళ్లు లారీల తెచ్చి ప్లేటు మీద పెడ్తరు,
తూకమేసేదాన్నే తూకమేస్తరు.
పోయినేడు పది కిలోలు ఎక్కువ చూపెట్టింది.
షావుకారి సిగ్గుపడలే, నేను పడ్డ.
"కాంటది తప్పేం లేదయ్యా,
మోసీ మోసీ అట్లయితది" అన్నడు ఇన్స్పెక్టరు.
సదిరి, సీసం ముద్రేసి పోయిండు.

హారన్.
ఫోన్ల ఓటీపీ, ఆరంకెలు.
ప్లేటు మీద బండి, ఐదంకెలు.
ముందుగాల బండిదే కొట్టిన:
ముప్పై ఎనిమిది వేల నాలుగొందల అరవై.
చీటీ చింపిచ్చి తిరిగి చూస్తే ఓటీపీ టైమైపోయింది.
డ్రైవరు కిటికీల తలపెట్టి
"ఏందన్నా, గేమాడుతున్నవా" అన్నడు.
అవు అన్న.

ఎన్కకు పోయి అంకె మార్చిన.
సగమే. యాభై ఏడు వేల ఆరొందలు.
బర్రె ముచ్చట ఇంక చెవులనే ఉంది.
సైటు ఏమనలే. గుండ్రం జరంత కదిలింది.
మళ్ల ఎప్పుడు గుర్తుజేయాలె అని అడిగితే
యాసంగి కోతలైనంక అని రాయబోయిన.
అది తారీకే తీసుకుంటదట.
పాత తూకం చీటీ ఎన్క రాసి
గోడకు, ముద్ర సర్టిఫికెటు పక్కన గుచ్చిన.
ఇంకా తొమ్మిది బండ్లున్నయి.